ఎవరి కళ్లు, ఎవరి మీద?

విశాఖపట్నంలో అద్దె గది వెతుక్కునే గిరిజన విద్యార్థికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది, "ఏ ఊరు బాబూ?" పాడేరు అనో, అరకు అనో, చింతపల్లి అనో చెప్పాక రెండోది వస్తుంది. దాన్ని నోటితో అడగరు. ఇంటాయన చూపు మన ముఖం మీంచి జారి మన సంచి మీద ఆగుతుంది. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆ చూపు నాకు తగిలింది. ఇప్పుడు నా దగ్గర చదువుకుని పట్నం దిగిన పిల్లలకు తగులుతోంది. చివరికి ఎక్కడో గది దొరుకుతుంది. ఆ వీధి మొదట్లో ఒక బోర్డు ఉంటుంది. ఈ ప్రాంతం సీసీ కెమెరాల నిఘాలో ఉందని దాని మీద రాసి ఉంటుంది.

మా ఊరికి గేటు లేదు, బోర్డూ లేదు. అయినా పొద్దుగూకే వేళ కొత్త మనిషి ఊళ్లో అడుగు పెడితే, నాలుగు ఇళ్లు దాటేలోపే ఎవరో ఒకరు పలకరిస్తారు. "ఎవులింటికి మావా?" అంటారు. ఆ మాటలో ఆరా ఉంది, ఆదరణ కూడా ఉంది. చెడ్డ పని మీద వచ్చినవాడు ఆ మాటకు తడబడతాడు. మంచి పని మీద వచ్చినవాడికి దారి చూపిస్తారు, ఎండన పడి వస్తే అంబలి పోస్తారు.

రెండు చోట్లా మనిషి మీద కళ్లు ఉన్నాయి. ఒక చోట ఆ కళ్లు మనల్ని కలుపుకుంటాయి, ఇంకో చోట వేరు చేస్తాయి. ఇళ్లు, వీధులు కట్టే తీరు సరిగా ఉంటే నేరాలు తగ్గుతాయని చెప్పే ఒక సిద్ధాంతం ఉంది. ఇప్పుడు నగర ప్రణాళికల్లో ఆ మాట బాగా వినిపిస్తోంది. మంచి సిద్ధాంతమే. కానీ పైన చెప్పిన తేడా దగ్గర దాన్ని నిలబెట్టి చూడాలి. అది మనం చేయాల్సిన విమర్శ. ఎందుకంటే అనుమానపు చూపు మొదట పడేది మన మీదనే.

సిద్ధాంతం చెప్పేదేమిటి

1961లో జేన్ జేకబ్స్ అనే అమెరికా రచయిత్రి అక్కడి మహానగరాల చావు బతుకుల గురించి ఒక పుస్తకం రాసింది. ఆమె ఇంజినీరు కాదు, పత్రికలకు రాసే మనిషి. న్యూయార్క్‌లో తాను కాపురం ఉన్న వీధిని రోజూ గమనించి రాసింది. వీధిని ముందుగా కాపాడేది పోలీసులు కారని ఆమె వాదన. కొట్టు తెరిచి కూర్చున్నవాడు, కిటికీ దగ్గర ముసలమ్మ, మెట్ల మీద కబుర్లాడుకునే ఆడవాళ్లు, ఆడుకునే పిల్లలు, వీళ్లే వీధికి కాపలా. దీన్నే వీధి మీద కళ్లు అంటారు. ఆ కళ్లు ఉండాలంటే వీధిలో పగలూ రాత్రీ ఏదో ఒక పని మీద మనుషులు తిరగాలి, ఇళ్ల ముఖాలు వీధి వైపు ఉండాలి.

1971లో సి. రే జెఫ్రీ అనే నేరశాస్త్ర పండితుడు ఈ రకం ఆలోచనకు ఒక పేరు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే, పరిసరాల రూపకల్పన ద్వారా నేర నివారణ. ఆ మరుసటి ఏడు ఆస్కార్ న్యూమన్ అనే ఆర్కిటెక్ట్ 'డిఫెన్సిబుల్ స్పేస్' పుస్తకం తెచ్చాడు. అంటే, అక్కడ ఉండేవాళ్లే కాపాడుకోగలిగిన చోటు.

న్యూమన్ పాఠం నేర్చుకున్నది సెయింట్ లూయిస్ నగరంలో. అక్కడ ప్రూయిట్-ఐగో అనే ప్రభుత్వ గృహ సముదాయం 1950లలో కట్టారు. 11 అంతస్తుల భవనాలు 33. లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగదు, మూడు అంతస్తులకు ఒకసారి ఆగుతుంది. మిగతా వాళ్లు మెట్లు ఎక్కాలి, దిగాలి. పొడుగాటి వరండాలు, ఎవరి గుమ్మంలోంచీ కనిపించని మెట్లు. ఇద్దరు ముగ్గురు కుటుంబాలు పంచుకునే చోటు శుభ్రంగా ఉండటం, చాలా మంది పంచుకునే చోటు పాడైపోవడం న్యూమన్ చూశాడు. వీధి దాటితే కార్ స్క్వేర్ విలేజ్ అని చిన్న ఇళ్ల వరుసలు ఉండేవి. అక్కడా అలాంటి పేదలే ఉన్నారు, కానీ ఆ చోటు నిలబడింది. ప్రూయిట్-ఐగోను 1972లో కూల్చడం మొదలుపెట్టారు.

వీటన్నిటి సారం నాలుగు మాటలు. మనుషులు తిరిగే చోటు మనుషుల కంట పడాలి. రాకపోకల దారి స్పష్టంగా ఉండాలి. ఇది మాది అనిపించేలా చోటుకు హద్దు ఉండాలి. పాడైన దాన్ని వెంటనే బాగుచేయాలి. పగిలిన బల్బు పది రోజులు అలాగే ఉంటే, ఈ చోటు ఎవరిదీ కాదని అది ఊరంతటికీ చాటుతుంది.

ఇది మనకు కొత్తదేనా?

ఈ పుస్తకాల సంగతి తెలియగానే నాకు మన ఊళ్లు గుర్తొచ్చాయి. కొందు గూడెంలో ఇళ్లు రెండు వరుసలుగా ఎదురెదురుగా ఉంటాయి. నడుమ వీధి. ఆ వీధిలోనే ధరణి పెను రాయి. ధాన్యం ఎండేది అక్కడే, పిల్లలు ఆడేది అక్కడే, పెద్దలు తగువు తీర్చేది అక్కడే. సవర ఊళ్లలో ఇంటికి ఇంటికి నడుమ గోడ ఒక్కటే, పంచ ఆ చివర నుంచి ఈ చివర దాకా సాగుతుంది. గదబలు పాత రోజుల్లో గుండ్రటి ఇళ్లు కట్టేవారు. ఊరి నడుమ రాతి గద్దెలు వేసుకుని కూర్చునేవారు. ఏ గుమ్మంలో నిలబడినా ఎదుటి గుమ్మం కనబడుతుంది. పసిపిల్లను పంచలో పడుకోబెట్టి తల్లి గెడ్డకు నీళ్లకు వెళ్లి రాగలదు. ఆ ధైర్యం తాళం ఇచ్చింది కాదు, ఊరి కట్టడం ఇచ్చింది.

అలాంటి బుద్ధి విశాఖలో లేదని అనను. వన్‌టౌన్ పాత వీధుల్లో, పెద జాలారిపేటలో నడిచి చూడండి. ఇళ్లు ఆనుకుని ఉంటాయి. ఆడవాళ్లు గుమ్మాల్లోనే పని చేసుకుంటారు, వల బాగుచేసుకునే మగవాళ్లు సందు మొదట్లోనే కూర్చుంటారు. మనం మూడో గుమ్మం దాటకుండానే "ఎవరు కావాల్రా బాబూ?" అని వినబడుతుంది. బీచ్ రోడ్డు సాయంత్రం పూట ఆడపిల్లలు కూడా తిరగగలిగేలా ఉంటే అందులో మిక్చర్ బండ్లవాళ్లకు, మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆడవాళ్లకు వాటా ఉంది. అందం కోసమని ఆ బండ్లను తీసేయమనేవాళ్లు, ఆ రోడ్డుకున్న కళ్లను తీసేయమంటున్నామని గమనించరు.

ఇప్పుడు నగరం అంచున ఒక బ్లాకుల కాలనీ సంగతి. మన వైపు నుంచి భవన నిర్మాణం పనికి వచ్చిన బంధువులు అక్కడ అద్దెకు ఉంటే చూడ్డానికి వెళ్లాను. బ్లాకుల వెనక గోడలు ఒకదానికొకటి వీపు తిప్పి నిలబడ్డాయి. ఆ వీపుల నడుమ సందులోంచే బస్సు రోడ్డుకు దారి. ఆ దారి వైపు చూసే కిటికీ ఒక్కటీ లేదు, స్నానాల గదుల వెంటిలేటర్లు తప్ప. మెట్ల కింద చీకటి, సీసా పెంకులు. మా వదిన వరస ఆమె పొద్దుపోయాక ఆ దారిన ఒంటరిగా రాదు, చుట్టూ తిరిగి వస్తుంది. ఆ కాలనీలో ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. అక్కడ ఏం జరిగినా చూడగలిగిన వాళ్లు లేకుండా గోడలు కట్టారు, అంతే.

ఇంతవరకు సిద్ధాంతం నిజం. ఇక్కడి నుంచి మన ప్రశ్న మొదలవుతుంది.

కొత్త మనిషి ఎవరు?

చోటును కాపాడుకోవాలంటే మనవాడెవడో బయటివాడెవడో తెలియాలని న్యూమన్ చెబుతాడు. సరే. మరి బయటివాడని తేల్చేది ఎవరు? ఏ గుర్తు చూసి తేలుస్తారు? రంగు చూసా, యాస చూసా, ఊరి పేరు చూసా? ఈ ప్రశ్న ఆ పుస్తకంలో బలంగా లేదు. అతని మీద అమెరికాలోనూ విమర్శ వచ్చింది. ప్రూయిట్-ఐగో పడిపోవడానికి భవనాల ఆకారం ఒక్కటే కారణం కాదని, నల్లవాళ్లను వేరుగా పెట్టిన తీరు, పేదలు కట్టే అద్దెతోనే మరమ్మతులు చేయాలన్న నిబంధన అసలు కారణాలని 1991లో కాథరిన్ బ్రిస్టల్ రాసింది. గోడను తప్పుపట్టడం తేలిక, గోడ కట్టించిన విధానాన్ని తప్పుపట్టడం కష్టం.

మన తెలుగు నేల మీద ఈ మాటకు అంతకంటే చేదు ఉదాహరణ ఉంది. నేరాన్ని ఆపడం కోసమే ఒక ఊరిని కట్టారు. దాని పేరు స్టువర్టుపురం. బాపట్ల దగ్గర ఉంది. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. దాని కింద ఎరుకలను పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి వాళ్ల కోసం ఈ సెటిల్‌మెంటు పెట్టించారు. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరే ఊరి పేరయింది.

ఒకసారి న్యూమన్ సూత్రాలు ఈ ఊరికి పెట్టి చూడండి. హద్దు ఉందా? ఉంది. రాకపోకల దారి అదుపులో ఉందా? చీటీ లేకుండా ఊరు దాటకూడదు. కళ్లు ఉన్నాయా? హాజరు పిలుస్తారు, పలకకపోతే అదే నేరం. కాగితం మీద అన్ని సూత్రాలకూ సరిపోయింది. కానీ ఆ కళ్లు ఊరివాళ్లవి కావు, ఊరివాళ్ల మీద పెట్టినవి. అంతకు ముందు ఎరుకలు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసి ఊళ్ల మధ్య వ్యాపారం చేసేవారు. రైళ్లూ ఉప్పు చట్టాలూ ఆ బతుకును ఎలా దెబ్బతీశాయో మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో చూపింది. బతుకు తీసేసి, బతుకు కోసం తిరిగిన వాళ్లకు దొంగలని పేరు పెట్టారు.

చట్టం 1952లో రద్దయింది. పేరు రద్దు కాలేదు. 1991లో స్టువర్టుపురం పేరుతో తెలుగులో సినిమాలు వచ్చాయి, 2023లో మళ్లీ ఆ ఊరి దొంగ కథతో ఒకటి వచ్చింది. ఆ ఊళ్లో పుట్టి చదువుకుని ఉద్యోగం చేసుకునే పిల్ల తన ఊరి పేరు చెప్పడానికి తటపటాయించాల్సి వస్తే, ఆ సెటిల్‌మెంటు గోడ ఇంకా కూలలేదన్నమాటే.

గేట్ల నగరం

ఇప్పుడు విశాఖకు తిరిగి వద్దాం. ఇది గేట్ల నగరం. 1933లో పోర్టు ప్రారంభమైంది. 1941లో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1957లో రిఫైనరీ వచ్చింది. తూర్పు నౌకాదళ కమాండ్ ఉంది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఒక్కొక్కటి వచ్చినప్పుడు ఒక్కొక్క గోడ లేచింది. కర్మాగారానికి గోడ ఉండటం తప్పు కాదు. గోడకు ఇవతల ఏం మిగిలిందో చూడాలి.

ఉక్కునగరంలో సెక్టార్లు, క్వార్టర్లు, చెట్లు, ఆటస్థలాలు, బడులు ఉన్నాయి. ఒక పద్ధతిగా గీసుకున్న ఊరు. ఆ భూమి ఇచ్చిన గ్రామాల వాళ్లు ఆర్ కార్డు పట్టుకుని పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి వైపు పునరావాస కాలనీలకు వెళ్లారు. వాళ్లు మన కొండ జనం కాకపోవచ్చు, కానీ వాళ్ల అనుభవం మనకు పాఠం. ఊరిని తీసుకెళ్లి ప్లాట్లలో పెట్టినంత మాత్రాన ఊరు కాదు. ప్లాటు నంబరు చుట్టరికం చూడదు. ఎదురింటివాడు మారితే, వీధిలోని కళ్లు మళ్లీ పరిచయం కావడానికి ఒక తరం పడుతుంది.

ఇప్పుడు గేట్లు కర్మాగారాలతో ఆగలేదు. మధురవాడ వైపు, ఎండాడ వైపు అపార్టుమెంట్లు గేటు వేసుకుని లోపలికి తిరిగి కూర్చుంటున్నాయి. లోపల పార్కు ఉంటుంది, బయట రోడ్డుకు గోడ వీపు మాత్రమే ఉంటుంది. ఆ గోడ వెంట అర కిలోమీటరు నడిచే పనిమనిషి, హాస్టల్ పిల్ల, కాంట్రాక్టు కూలీ ఎవరి కంటా పడరు. లోపలివాళ్ల భయం తగ్గింది, బయటివాళ్ల భయం పెరిగింది. దీన్ని భద్రత అనలేం, భయాన్ని పక్కవాళ్లకు బదిలీ చేయడం అనాలి.

దీపాల సంగతీ అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని చీకటి చేసింది. తరువాత 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. మంచి పని. 1955 నుంచి మన మాచ్‌ఖండ్ నీళ్ల మీద తయారైన కరెంటు మైదానాన్ని వెలిగిస్తోందని తెలిసిన మనకు దీపం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ దీపం వెలుగు ఇస్తుంది, చూసే మనిషిని ఇవ్వదు. ఎవరూ లేని దారిలో ఎల్‌ఈడీ వెలిగినా అది ఎవరూ లేని దారే. కెమెరా జరిగినదాన్ని రాసి పెడుతుంది, "ఎవులింటికి మావా" అని అడగదు.

ఇక గంజాయి. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో మన్యంలో తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. ఈ పంట మన పిల్లల్ని జైళ్లకు పంపింది, దాన్ని మనం వెనకేసుకు రాకూడదు. కానీ పెట్టుబడి పెట్టినవాడి ఊరి పేరు ఎవరికీ గుర్తుండదు, మోసినవాడి ఊరి పేరు అందరికీ గుర్తుంటుంది. అందుకే అద్దె గది దగ్గర చూపు సంచి మీద ఆగుతోంది. ఒక ప్రాంతం పేరునే నేరానికి గుర్తుగా వాడటం 1911 నాటి అలవాటు. అది చట్టంలోంచి పోయి వీధిలో మిగిలింది.

మన ఊరిని కూడా విమర్శించాలి

ఇంత చెప్పాక మన గూడెం బంగారం అని ముగిస్తే అది విమర్శ అనిపించుకోదు. ఎదురెదురు గుమ్మాల ఊళ్లలోనే చిల్లంగి పేరుతో హత్యలు జరిగాయి. అక్కడ కళ్లకు లోటు లేదు. ఊరంతా చూసింది, ఊరంతా నోరు మూసుకుంది. అనుమానం ముందే తీర్పు చెప్పేసినప్పుడు, వీధి మీది కళ్లు కాపలా కాయవు, వేటాడతాయి. అద్దె గది ఇంటాయన చూపుకూ, ముసలామెను చిల్లంగి అని చూసే చూపుకూ మూలం ఒకటే. మనల్ని అలా చూస్తున్నారని బాధపడే హక్కు మనకు నిలవాలంటే, మన ఊళ్లో ఆ చూపును మనమే ఆపాలి.

అలాగే ఆడపిల్లల సంగతి. వీధి కళ్లు ఆమెకు రక్షణ ఇస్తాయి, ఆమె ఎవరితో మాట్లాడిందో లెక్క కూడా రాస్తాయి. ఇంటి లోపల జరిగే దెబ్బలకు మాత్రం అవే కళ్లు పక్కకు తిరుగుతాయి. కాబట్టి కట్టడం ఒక్కటే నేరాన్ని ఆపుతుందనే మాట సగం నిజం. కట్టడం కళ్లకు చోటిస్తుంది. ఆ కళ్లు ఎలా చూడాలో నేర్పాల్సింది ఇల్లు, బడి.

ఏం చేయాలి

విశాఖలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 1988 నుంచి 1996 దాకా బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ఇక్కడ మురికివాడల అభివృద్ధి పథకం నడిచింది. అందులో బస్తీలను ఎత్తేయకుండా ఉన్నచోటే సందులకు సిమెంటు వేశారు, కాలువలు కట్టారు, దీపాలు పెట్టారు, కమ్యూనిటీ హాళ్లు కట్టారు. ఎవరి పక్కన ఎవరున్నారో అలాగే ఉంచి చోటును బాగుచేసే దారి అది. ఇరుగుపొరుగును కదపకుండా సౌకర్యం ఇవ్వవచ్చని ఈ నగరానికి తెలియనిది కాదు.

టీచర్లు చేయగలిగిన పని ఒకటి ఉంది. 1989లో టొరంటోలో మెట్రాక్ అనే మహిళా సంస్థ సేఫ్టీ ఆడిట్ అనే పద్ధతి తయారుచేసింది. ఆడవాళ్లే గుంపుగా సాయంత్రం తమ దారిలో నడుస్తారు. ఎక్కడ చీకటి, ఎక్కడ పొద, ఎక్కడ అరిచినా వినబడదు, ఎక్కడ కొట్టు తెరిచి ఉంటుంది, అన్నీ రాసుకుంటారు. ఆ కాగితాన్ని మునిసిపాలిటీ ముందు పెడతారు. దీనికి డబ్బు అక్కర్లేదు. మన ఆశ్రమ పాఠశాలల్లో, పట్నంలోని హాస్టళ్లలో పిల్లలతో ఇది చేయించవచ్చు. హాస్టల్ నుంచి బస్టాపు దాకా, గది నుంచి మరుగుదొడ్డి దాకా ఒక పటం గీయమనండి. భయం ఉన్నచోట ఎర్ర చుక్క, ధైర్యం ఉన్నచోట ఆకుపచ్చ చుక్క పెట్టమనండి. ఎర్ర చుక్కలన్నీ ఒక చోట గుమిగూడితే అక్కడ గోడ తప్పు చేసిందని అర్థం. ఆ పటంతో వార్డెనుతో, ఐటీడీఏతో మాట్లాడవచ్చు.

రెండోది ఇంకా తొందరగా చేయాల్సింది. 2023 నవంబరులో పీఎం జన్‌మన్ పథకం మొదలైంది. కొందు, గదబ, పోర్జ, సవర, చెంచు, కొండరెడ్డి వంటి ఆదిమ తెగల ఊళ్లలో దాని కింద పక్కా ఇళ్లు కడుతున్నారు. ఇల్లు రావాలి, వాన కారని కప్పు రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఇల్లు ఎటు తిరిగి ఉండాలో ఎవరు చెబుతున్నారు? ముగ్గు పోసే రోజున ఊరి పెద్దలు, చదువుకున్న పిల్లలు అక్కడ నిలబడి అడగాలి. గుమ్మాలు ఎదురెదురుగా రావాలి. ముందు నాలుగు అడుగుల పంచకు చోటు వదలాలి. నీళ్ల కుళాయి వీధి నడుమ ఉండాలి. ఒక ఇంటి వీపు ఇంకో ఇంటి ముఖానికి రాకూడదు. దీనికి అదనంగా సిమెంటు బస్తా ఖర్చు కాదు. తాడు కట్టేటప్పుడు ఒక గంట మాట్లాడుకోవడమే ఖర్చు.

నేర నివారణ సిద్ధాంతాన్ని మన పిల్లలు చదవాలి. ఆర్కిటెక్చర్ కోర్సులకు వెళ్లాలి, ప్లానింగ్ ఆఫీసుల్లో కూర్చోవాలి. అక్కడ కూర్చున్న రోజున, ఏ గీత గీసినా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ వీధిలోకి రేపు సంచి పట్టుకుని వచ్చే కొత్త కుర్రాడిని ఈ గుమ్మాలు ఏమని అడుగుతాయి? "సంచిలో ఏముంది" అనా, "ఎవులింటికి మావా" అనా?